సాంచెల పక్కన చీమనడక

పలక

మూడో తరగతిలో పంతులు కొట్టాడన్న కోపంతో పలక పగలగొట్టి బడి మానేశాను. చదువులతల్లి ఊరుకుంటుందా? ఆ తర్వాత బతుకంతా నా చేత పలకలే మోయించింది. బిలియర్డ్స్ టేబుల్ మీద అందరికీ పచ్చగుడ్డే కనిపిస్తుంది గాని, దాని కింద ఉండేది రాతి పలక. పెద్ద టేబుల్‌కి అయిదు పలకలు. ఒక్కొక్కటి నలుగురు పట్టి, నలుగురూ ఎవరి దేవుణ్ని వాళ్లు తలచుకుంటే గాని లేవదు. వాటిని పక్కపక్కన పరిచి, అతుకులు పూడ్చి, మట్టం సరిచేసి, మీద గుడ్డ బిగించి, ఇస్త్రీ చేసి అప్పజెప్పడం నా వృత్తి. ఊళ్లో నన్ను టేబుల్ మిస్త్రీ అంటారు. మా ఇంటావిడ మాత్రం మంచం కోడు ఊగుతుంటే సరిచేయలేని మిస్త్రీ అంటుంది. రెండూ నిజమే.

ఇప్పుడు మోకాళ్లు రాజీనామా ఇచ్చాయి కనుక నేనూ ఇచ్చాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. గుడ్డ ఎట్లా బిగించాలి, పలక ఎట్లా దించాలి అని అడుగుతారేమోనని గొంతు సవరించుకుంటాను. అడగరు. భివండిలో ధామన్కర్ నాకా చౌరస్తా దగ్గర చాయ్ తాగుతూ అందరూ ఒక్కటే అడుగుతారు.

"కాకా, పాతకాలపోళ్లు గొప్పనా? ఇప్పటోళ్లు గొప్పనా?"

టేబుల్ కింద పడుకుని నట్లు బిగించే మనిషికి ఆటగాళ్ల కాళ్లు తప్ప ఏం కనిపిస్తాయిరా అని నవ్వేసేవాణ్ని. కానీ పోయిన ఏడాది ఒక సంగతి జరిగింది. అది చూశాక నవ్వడం మానేశాను. మానేశానంటే, ఈ ఒక్క విషయంలోనే. మీకు జవాబు కావాలంటే మొత్తం చదవండి. మధ్యలో పొరపాటున పని కూడా నేర్చుకుంటే మీ అదృష్టం.

కరీం చాచా చెయ్యి

మాది సిరిసిల్ల దిక్కు. మా వాళ్లందరిలాగే ముంబై పక్కనున్న భివండి వచ్చి సాంచెలు పట్టాను. మరమగ్గాలను మేం సాంచెలంటాం. సాంచె దగ్గర పనిచేసినవాడికి రెండు వస్తాయి: గుడ్డ మీద చెయ్యి పెడితే దాని గుణం తెలుస్తుంది, చెవి పక్కన అరిస్తే గాని మాట వినబడదు. నాకు మొదటిది వచ్చాక, రెండోది పూర్తిగా రాకముందే, కరీం చాచా నన్ను పట్టుకెళ్లాడు.

ఆయన ముంబై క్లబ్బులకు టేబుళ్లు కట్టే ఉస్తాద్. నేను గుడ్డ తాను చుట్టేటప్పుడు అరచేయి తిప్పి, చేతి వెనకవైపుతో దాన్ని తడమడం చూశాడు. "అరే, ఈ పోరడు కప్డాతో మాట్లాడుతున్నాడు" అన్నాడు. మాట్లాడేవాణ్నే. ఎక్కువగా తిట్లే.

టేబుల్ గుడ్డకు నూగు ఉంటుంది. పిల్లి వీపులాగా ఒక దిక్కుకు నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గరుకు. గుడ్డ వేసేటప్పుడు నూగు ఏ దిక్కుకు పోవాలో దానికో పద్ధతి ఉంది. ఆట మొదలయ్యే చివర నుంచి నల్ల బాల్ ఉండే చివరకు. ఒకసారి చాచా ఎవరితోనో పోట్లాడొచ్చిన కోపంలో ఒక క్లబ్బులో గుడ్డను తిరగేసి బిగించేశాడు. మాకెవరికీ తెలియలేదు. సాయంత్రం ఒక ముసలి వకీలు వచ్చాడు. ఆయన కళ్లద్దాలు చూస్తే గాజుసీసాల అడుగులు గుర్తొస్తాయి. టేబుల్ ఏ వైపున ఉందో ఇంకొకరు చెప్పాలి. మెల్లగా ఒక్క దెబ్బ కొట్టి, ఆడే కర్రను, అదే క్యూను, కింద పెట్టి, "కరీం, ఈ రోజు నీ గుడ్డ వెనక్కి నడుస్తోంది" అన్నాడు.

గుడ్డ మొత్తం విప్పి మళ్లీ వేశాం. తిరిగొస్తూ చాచా నాతో చెప్పిన మాట ఇది. "ఓడినవాడు టేబుల్ బాగాలేదంటే అందరూ నవ్వుతారు. మిస్త్రీ నవ్వకూడదు. ముందు చెయ్యి పెట్టి చూడాలి."

ఆ మాటను నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. అవసరమైన ఒక్క రోజు తప్ప.

రాజమల్లు బావ

భివండి పక్కన టెంఘర్‌లో సైలు సేఠ్‌కి సాంచెల కార్ఖానా ఉంది. ముంబైలో మూతపడ్డ ఒక క్లబ్బు నుంచి ఆయన పెద్ద టేబుల్ ఒకటి తెచ్చాడు. ఎందుకు తెచ్చావు సేఠ్ అంటే, "సస్తాల దొరికింది మిస్త్రీ, ఏనుగైన తెద్దును" అన్నాడు. కార్ఖానాకు అడ్డంగా గోడ కట్టించి, అటు సాంచెలు, ఇటు టేబుల్ పెట్టించాడు. టేబుల్ కట్టింది నేనే. గోడకు అవతల సాంచెలు నడుస్తుంటే నేల వణుకుతుంది. మట్టం చూసే రసమట్టంలో బుడగ నిలవదు, జ్వరమొచ్చినవాడిలా ఊగుతూనే ఉంటుంది. అందుకని మట్టం చూసే పని శుక్రవారానికి పెట్టుకునేవాణ్ని. భివండిలో శుక్రవారం సాంచెలు బంద్ కదా. ఆ రోజు బుడగ బుద్ధిగా మధ్యలో నిలబడేది. టేబుల్ మట్టంగా ఉందని చెప్పి, సేఠ్ ఇంట్లో చాయ్ తాగి వచ్చేసేవాణ్ని.

ఆ సాంచెల మీద పనిచేసేవాడు రాజమల్లు. మా ఇంటావిడకు అన్న, నాకు బావ. నా మీద ప్రేమ ఉంటే మిస్త్రీ అంటాడు, కోపమొస్తే నా పేరు విరిచి చంద్రిగా అంటాడు. సాంచెల చప్పుడుకు చెవులు సగం పోయాయి కనుక రెండూ అరిచే అంటాడు. అన్నం తినే వేళ గోడ దాటి వచ్చి క్యూ పట్టేవాడు. కొన్నాళ్లకు అన్నం మానేశాడు. ఇంకొన్నాళ్లకు సైలు సేఠే, "నువ్వు సాంచె ఇడువు, టేబుల్ వట్టు. జీతం నేనిస్త" అన్నాడు. అట్లా మా వాళ్లలో ఆట మీద బతికిన మొదటి మనిషయ్యాడు.

అప్పటి ఆటగాళ్లను మీరు చూడలేదు. సొంత క్యూ ఉండేది కాదు. గోడకు ఆనించినవాటిలో వంకర తక్కువున్నది తీసుకునేవారు. బీడీ నోట్లో ఉండగానే వంగేవారు. గుడ్డ కాలినచోట నేను వేసిన అతుకులు చూస్తే ఎవరు ఏ బీడీ తాగేవాడో ఇప్పటికీ చెప్పగలను. పొద్దున లేచి కసరత్తు చేయడం, ఆటకు ముందు అరటిపండు తినడం ఏమీ లేదు. సోమరిపోతులు అని కూడా అనొచ్చు. కానీ వంగి క్యూ ముందుకు పంపాక, అదే మనిషేనా అని కళ్లు నులుముకోవలసి వచ్చేది.

రాజమల్లు బావ దెబ్బకు మేం చీమనడక అని పేరు పెట్టాం. బాల్‌ను కొట్టినట్టే ఉండదు. నిద్రపోయే పిల్లను పక్కకు జరిపినట్టు ఉంటుంది. తెల్ల బాల్ మెల్లగా పోయి నల్లదాన్ని తాకుతుంది. నల్లది బయలుదేరుతుంది. ఆగిపోయింది అనుకుంటాం. ఆగదు. ఇంకో వేలెడు. ఇప్పుడు ఖాయంగా ఆగింది అనుకుంటాం. ఇంకో వేలెడు. రంధ్రం అంచు మీదికి వచ్చి, వెళ్లనా వద్దా అని ఆలోచించి, లోపలికి దిగుతుంది. ఆ కాసేపు ఎవరూ ఊపిరి తీసుకోరు. అవతలి ఆటగాడు ఓడిపోయానన్న సంగతి మరిచిపోయి చూస్తాడు. నేను ఎన్నిసార్లు చూశానో, అన్నిసార్లూ ఒంటి మీద వెంట్రుకలు లేచాయి.

మాలెగావ్ పోయి గెలిచాడు. ఇచల్‌కరంజి పోయి గెలిచాడు. షోలాపూర్‌లో మన వాళ్లే భుజాల మీద ఎత్తుకున్నారు. ముంబైలో ఓడాడు.

ఓడిన తీరు చెప్పాలి. సముద్రం పక్క పెద్ద క్లబ్బు. ఆఖరి ఆట. టేబుల్ మీద నల్ల బాల్ ఒక్కటే మిగిలింది, దాన్ని రంధ్రంలో దించినవాడిదే గెలుపు. చీమనడకకు పుట్టిందా అన్నట్టు నిలబడి ఉంది. బావ వంగాడు, కొట్టాడు. నల్లది బయలుదేరింది, అంచు దాకా వచ్చింది, ఆగింది. అంతే. దిగలేదు. అవతలివాడు లేచి, దాన్ని తోసి, కప్పు పట్టుకెళ్లాడు.

రైల్లో బావ ఒక్కటే మాట అన్నాడు. "టేబుల్ల ఏదో తేడా ఉన్నది మిస్త్రీ."

"టేబుల్ల గాదు బావా, సేఠాణీల అత్తరు వాసనకు నీ కండ్లు దిరిగినయ్" అన్నాను. డబ్బా అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. భివండికి మా కంటే ముందే కబురు చేరింది: సూటూ బూటూ చూసి రాజమల్లు బెదిరిండు. ఆ తర్వాత ఆయన ముంబై పోలేదు. సముద్రపు గాలి పడదని చెప్పేవాడు. ఏళ్లు గడిచాక తానూ అదే నమ్మాడు. నమ్మింది గాలి సంగతి కాదు, తాను బెదిరానన్న మాట.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. బావ శుక్రవారం క్యూ ముట్టడు. చిన్నప్పుడు జబ్బు చేస్తే, బతికితే శుక్రవారం పనిముట్టు పట్టడని వాళ్లమ్మ గ్రామదేవత పోచమ్మకు మొక్కుకుంది. ఆయన పనిముట్టు క్యూ కదా మరి.

శ్రావణి

ఇప్పటివాళ్ల సంగతికి వద్దాం. వీళ్ల క్యూలు రెండు ముక్కలుగా విడదీసి పెట్టెలో పెట్టుకుంటారు. దూరం నుంచి చూసి సన్నాయి మేళం వచ్చిందనుకున్నాను. గుడ్డలు పలచనయ్యాయి, నూగు తగ్గింది, బాల్ జారినట్టు పోతుంది. కొట్టిన ప్రతి దెబ్బనూ ఫోన్లో మెల్లగా తిప్పి చూసుకుంటారు. ఒకే దెబ్బను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కొడతారు. పాతవాళ్లను కట్టేసి కొట్టినా ఆ పని చేయరు. టేబుల్ కింద ఏముందో మాత్రం వీళ్లకు తెలియదు. ఒకడు రాతి పలక చూసి, "కాకా, యే గ్రానైట్ హై క్యా? కిచన్‌లోది?" అన్నాడు. వాడి పేరు చెప్పను, ఇప్పుడు బాగా ఆడుతున్నాడు.

వీళ్లలో శ్రావణి వేరు. మా సత్తయ్య కూతురు. సత్తయ్య సైలు సేఠ్ కార్ఖానాలో, ఆ గోడకు అవతల, ఇప్పటికీ సాంచెలు నడుపుతాడు. పిల్ల మరాఠీ బడిలో చదివింది. నాకా దగ్గర మేడ మీద ఏసీ బిలియర్డ్స్ పార్లర్‌లో ఆట నేర్చుకుంది. మొదటిసారి ఆ పిల్ల ఆట చూసినప్పుడు నేను అక్కడ గుడ్డ మార్చడానికి వెళ్లాను. టేబుల్ మీద బాల్స్ చెల్లాచెదరుగా ఉన్నాయి. ఆమె చేతులు కట్టుకుని చుట్టూ ఒకసారి నడిచింది.

"కాకా, ఆధీ ఆ మూలది. మగ నీలం. నీలం కొట్టినంక తెల్లది గిక్కడికొస్తది. మగ గులాబీ..." అంటూ, ముందుకు ఆధీ, తర్వాతకు మగ అని మరాఠీ కలిపి, చివరి నల్లది దాకా వేలితో చూపించింది.

"అమ్మా, పెండ్లి పత్రిక చదివినట్టు చదివినవ్. కొట్టు మరి" అన్నాను.

కొట్టింది. తెల్ల బాల్ ఆమె వేలు పెట్టిన చోటల్లా వచ్చి ఆగింది. పెంపుడు కుక్క కూడా అంత మాట వినదు. చేతిలో సుత్తి అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. ముసలి వకీలుకు గుడ్డ వెనక్కి నడవడం తెలిసినట్టు, ఈ పిల్లకు జరగబోయేది తెలుస్తోంది.

ఒక్కటే లోటు. మెల్లగా కొట్టడం రాదు. రాష్ట్ర జట్టు ఎంపికకు రెండేళ్లు వెళ్లింది, రెండుసార్లూ చివరలో మెత్తగా పంపాల్సిన బాల్‌ను గట్టిగా పంపింది. అది రంధ్రం మూతికి రెండువైపులా ఉండే దవడలకు తగిలి బయటికొచ్చింది. ఈసారి పోతే జూనియర్ల వయసు దాటిపోతుంది. మళ్లీ పెద్దవాళ్లతో మొదటి మెట్టు దగ్గర నిలబడాలి.

చీమనడక కావాలని రాజమల్లు బావ దగ్గరికే వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"తాతా, నాకు నేర్పవా?"

"ఏందీ?"

"నేర్పవా అంటున్నా!"

"గట్ల మెల్లగ మాట్లాడ్తె ఎట్ల ఇనబడ్తది? కొట్టుడేమొ గట్టిగ కొడ్తవట, మాటేమొ మెల్లగనా? ఉల్టా ఉన్నవ్ బిడ్డా నువ్వు." బావకు మాటలు బాగానే వస్తాయి. "నా టేబుల్ మీద, సాంచెలు నడుస్తుండంగ, ఒక్కపారి నన్ను ఓడగొట్టు. గప్పుడు నేర్పుత. ఏసీల వెరిగిన కోడికి ఎండ జూపెట్టాలె ముందుగాల."

"డన్ తాతా" అంది శ్రావణి.

ఇన్వర్టర్

రోజూ మధ్యాహ్నం వచ్చేది, రోజూ ఓడిపోయేది. మెల్లగా కొడదామని ప్రయత్నిస్తే బాల్ ఆగవలసిన చోట ఆగక ముందుకు పాకేది. "కాకా, ఈ టేబుల్ వంకర ఉంది" అంది నాతో. నేను రోషంగా, "శుక్రారం వచ్చి చూడు, సూదిలెక్క సూటిగ ఉంటది" అన్నాను. బావ మాత్రం చీమనడక మీద చీమనడక దించుతూ, "ఏం బిడ్డా, ఫోన్ల లేదా గిది?" అని ఏడిపించేవాడు. ఎంపికకు రోజులు దగ్గర పడ్డాయి. శ్రావణి మొహంలో నవ్వు తగ్గింది.

ఇక్కడ సైలు సేఠ్ కథలోకి వస్తాడు. కరెంటు పోయినప్పుడల్లా టేబుల్ మీద లైట్లు ఆరి ఆట ఆగిపోతోందని, ఆ వారమే ఇన్వర్టర్ పెట్టించాడు. లైట్లకే, సాంచెలకు కాదు. సాంచెలకు ఇన్వర్టర్ పెట్టాలంటే సేఠ్‌నే అమ్మాలి.

బుధవారం మధ్యాహ్నం. నల్లది ఒక్కటే మిగిలింది. బావ వంతు. మెత్తటి దెబ్బ. గెలుపు ఆయనదేనని శ్రావణి క్యూ విప్పడం మొదలుపెట్టింది. అప్పుడే కరెంటు పోయింది.

గోడ అవతల సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. చెవుల్లోంచి దూది తీసినట్టయింది. మామూలుగా చీకటి కూడా పడేది. ఈసారి లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. సాంచెలాగితే పనివాళ్లేం చేస్తారు? సత్తయ్య ముందు, మిగతావాళ్లు వెనుక, చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు.

బావ వంగాడు, కొట్టాడు. నల్లది బయలుదేరింది. ఇంకో వేలెడు. ఇంకో వేలెడు. అంచు మీదికి వచ్చింది.

ఆగింది.

గుంపులోంచి ఎవడో, "ముంబై యాదికొచ్చినట్టున్నది పెద్దమనిషికి" అన్నాడు. నలుగురు నవ్వారు. బావకు వినబడలేదు గాని మొహాలు చూస్తే అర్థమవుతుంది కదా. ఆయన క్యూను రెండు చేతులతో పట్టుకుని, ఆ నల్ల బాల్ వైపే చూస్తున్నాడు. అట్లా చూడడం నేను ఇంతకు ముందు ఒక్కసారే చూశాను. రైల్లో.

"నీ వంతు బిడ్డా" అన్నాడు. మొదటిసారి మెల్లగా.

శ్రావణి చేయవలసిందల్లా దాన్ని తోయడమే. తోస్తే గెలుస్తుంది. గెలిస్తే నేర్పిస్తాడు. పిల్ల క్యూ మళ్లీ బిగించింది, టేబుల్ దగ్గరికి వచ్చింది, వంగింది.

కరెంటు వచ్చింది. ఇటు ఆట ఏమైందో అని సత్తయ్య తల తిప్పి చూస్తూనే అటు పోయి స్విచ్ వేశాడు. ఒకటి, దాని పక్కది, దాని పక్కది, సాంచెలు అందుకున్నాయి. నేల వణికింది. శ్రావణి ఇంకా క్యూ కదపలేదు. అంచు మీద ఆగిన నల్ల బాల్ కొంచెం వణికింది, అటూ ఇటూ చూసుకున్నట్టయింది, తనంతట తాను లోపలికి దిగిపోయింది.

నేను టేబుల్ మీద చెయ్యి పెట్టాను. కరీం చాచా చెప్పినట్టు, చేతి వెనకవైపు. పలకలు సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకే బాల్‌ను ఇంకో వేలెడు నడిపిస్తోంది. ఇన్నేళ్లు మట్టం శుక్రవారాలు చూసి, బుడగ మధ్యలో ఉందని మురిసిపోయాను. ఆటేమో మిగతా రోజులు ఆడుతున్నారు. కార్ఖానా ఆగినప్పుడు టేబుల్ చూసిన మిస్త్రీని నేను, కార్ఖానా ఆగినప్పుడు టేబుల్ ముట్టని ఆటగాడు ఆయన. పోచమ్మ మమ్మల్ని ఎంత బాగా విడదీసింది!

శ్రావణి నిటారుగా నిలబడింది. "తాతా, మాలెగావ్‌ల సాంచెలున్నయ్ కదా?"

"ఏందీ?"

"మాలెగావ్! ఇచల్‌కరంజి! షోలాపూర్! అన్నిట్ల సాంచెలే కదా!"

"ఉన్నయ్. అయితేంది?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని టేబుల్ మీద పెట్టింది. చెవి దగ్గర నోరు పెట్టి, కార్ఖానా అంతా వినేలా అరిచింది. "నువ్వు ముంబైల బెదరలే తాతా! అక్కడ సాంచెల్లేవు!"

బావ చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"టేబుల్ల ఏదో తేడా ఉన్నదని నీకు జెప్పలేదారా, చంద్రిగా?"

చెప్పాడు. జీవితంలో నా దగ్గర జోకు లేని సందర్భం అదొక్కటే.

శుక్రవారం పాఠాలు

"నేను గెలవలే కదా తాతా. బాల్ అదే పడింది" అంది శ్రావణి.

"సాంచెలు గెలిచినయ్. సాంచెలు మీ నాయిన నడిపిండు. అంటె మీ ఇల్లే గెలిచింది" అన్నాడు బావ.

ఎంపిక జరిగేది ఊగని టేబుల్ మీద. అంటే శుక్రవారం సాధన చేయాలి. శుక్రవారం ఆయన క్యూ ముట్టడు. దీనికి కూడా ఆయనే తోవ చూపాడు. "మా అమ్మ చేతికి మొక్కింది గని నోటికి మొక్కలే." అట్లా రెండు శుక్రవారాలు కుర్చీలో కూర్చుని నోటితోనే నేర్పాడు. మిగతా రోజులు పొద్దున్నే, సాంచెలు అందుకోకముందు, సేఠ్‌ను బతిమాలి మరికొంతసేపు. అప్పుడు కూడా బావ క్యూ పట్టలేదు. "నేను వడితె పాత చెయ్యి వస్తది. పిల్లకు అంటుకుంటది" అనేవాడు. నాకు తెలుసు, అసలు సంగతి అది కాదు. ఊగని టేబుల్ మీద ఇంకోసారి ఆగిపోతే చూడలేడు.

"బాల్‌ను పంపకు బిడ్డా. దానికి తోవ జూపెట్టి నువ్వు ఎనుకకు జరుగు."

"ఎంత జోరుతో తాతా?"

"నిద్రవోయిన నాయిన మీద దుప్పటి ఎంత జోరుతో కప్పుతవ్?"

శ్రావణి వంగింది. కొట్టింది. నల్లది సగం దాకా పోయి ఆగింది. "నాయిన లేస్తడేమోనని భయపడ్డవ్" అన్నాడు. మళ్లీ కొట్టింది. గట్టిగా పోయింది. "ఇగ నాయిన లేసిండు." నేను పక్కన కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ని. రెండో శుక్రవారం నవ్వడం ఆపాను. బాల్ నడుస్తోంది. ఇంకో వేలెడు, ఇంకో వేలెడు, లోపలికి. వణుకు సాయం లేదు. పూర్తిగా ఆ పిల్ల చెయ్యే. రాజమల్లు బావకు బతుకంతా పట్టిన చీమనడకను, ఆ పిల్ల ఊగని టేబుల్‌కి సరిపడా మార్చుకుంది.

ఇక్కడే మీ ప్రశ్నకు నా జవాబు. పాతవాడు ఒక్క టేబుల్‌ను పెళ్లి చేసుకున్నాడు. దాని ఊపిరి కూడా ఆయనకు తెలుసు. ఎందుకు తెలుసో తనకే తెలియదు. ఇప్పటి పిల్ల ఏ టేబుల్ దగ్గరికి వెళ్లినా దాని భాష నేర్చుకుంటుంది. ఎందుకో కూడా చెబుతుంది. ఎవరు గొప్ప అని నన్ను అడగొద్దు. పలకలు పరిచేవాణ్ని, ఇద్దరి బరువూ ఒకేలా మోశాను. మీరు చేయవలసిందల్లా, టేబుల్ బాగాలేదని ఎవరైనా అన్నప్పుడు నవ్వకుండా చెయ్యి పెట్టి చూడడమే. అది కూడా ఆడే రోజున, ఆడే వేళకు.

సముద్రం పక్క హాలు

ఎంపిక అదే క్లబ్బులో. టేబుల్ మారింది, హాలు అదే. సత్తయ్యకు సాంచె వదిలి రావడం కుదరలేదు. నేనూ, సముద్రపు గాలి పడని బావా తోడు వెళ్లాం. అక్కడి మిస్త్రీ ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆట మొదలుకాకముందు నన్ను రసమట్టం పెట్టనిచ్చాడు. బుడగ రాయిలా నిలబడింది. ఆ హాల్లో ఏసీ గాలి కూడా చెప్పులు విప్పి నడుస్తుంది.

ఆ నిశ్శబ్దంలో బావ నా చెవిలో గుసగుసలాడాడు. "మిస్త్రీ, పిల్ల ఏమన్న తిన్నదా?" ఆయన గుసగుస హాలు చివర దాకా వెళ్లింది. రిఫరీ వేలు పెదాల మీద పెట్టాడు. "గాయిన గూడ తిన్నదా అని అడుగుతుండు" అన్నాడు బావ. నేను ఆయన మోకాలు పట్టుకుని నొక్కాను.

ఆఖరి ఆట ఆఖరి బాల్ దాకా వచ్చింది. నల్లది దూరంగా ఉంది. గట్టిగా కొడితే దవడలకు తగిలే చోటు. రెండేళ్లు ఆమె ఓడిన చోటు. శ్రావణి వంగింది, లేచింది, చేతికి అంటిన చాక్ తుడుచుకుంది. మళ్లీ వంగింది. దుప్పటి కప్పింది.

నల్లది నడిచింది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టును నా వేళ్లు ఇంకా గుర్తుంచుకున్నాయి. ఇంకో వేలెడు. ఇంకో వేలెడు. అంచు. ఆలోచన. లోపలికి.

జట్టులో పేరు చదివారు. పిల్ల వాళ్ల నాయనకు ఫోన్ చేసింది. అవతల సాంచెల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అయినా "నాయినా, అయింది! అయింది!" అని అరుస్తూనే ఉంది. సాంచెల మధ్య ఆ మాట సత్తయ్యకు అందిందో లేదో తెలియదు. కొంచెంసేపటికి ఫోన్లో చప్పుడు ఆగింది. మనిషి అన్ని సాంచెలూ ఆపేశాడు.

హాలు ఖాళీ అవుతోంది. బావ లేచి టేబుల్ దగ్గరికి వెళ్లాడు. నల్ల బాల్ తీసి, ఎవరినీ అడగకుండా, ఒక చోట పెట్టాడు. అది ఏ చోటో నాకు తెలుసు. తెల్లది కూడా ఓడిన నాటి చోటే పెట్టాడు. రిఫరీ ఏదో అనబోతే అక్కడి మిస్త్రీ ఆయన్ను పక్కకు తీసుకెళ్లి ఏం చెప్పాడో చెప్పాడు. శ్రావణి పెట్టె తెరిచి తన క్యూ బిగించి ఇచ్చింది.

బావ కొట్టాడు. నల్లది కదలగానే కళ్లు మూసుకున్నాడు. చూడలేక. ఎడమ చెయ్యి మాత్రం టేబుల్ అంచు మీద ఉంచాడు. ఆయనకు వినబడదు, చూడడం లేదు. నేనూ శ్రావణీ చూస్తున్నాం. నల్లది సగం దాటింది. మెల్లబడింది. ఇంకో వేలెడు. సాంచెల్లేవు, వణుకు లేదు, ఎవరి సాయమూ లేదు. ఇంకో వేలెడు. అంచు మీదికి వచ్చింది.

దిగింది.

శ్రావణి అరవబోయింది. బావ కుడి చెయ్యి ఎత్తి ఆపాడు. కళ్లు ఇంకా తెరవలేదు. టేబుల్ మీద పెట్టిన అరచేయి కదల్చలేదు. బాల్ రంధ్రం కింది సంచిలో పడ్డ ఆ చిన్న అదురు, సాంచెల వణుకులో బతుకంతా ఆయనకు అందనిది, పలకల మీదుగా నడిచి ఆ చేతికి చేరింది.

"ఎవలూ జెప్పకుండ్రి" అన్నాడు. "చేతికి ఎర్కయింది."